ఊపిరి వయసు

తలుపు అవతల ఆ మనిషి ఊదు, ఊదు, ఇంకా, ఇంకా, ఆపకు అని అరుస్తున్నాడు. అరిచినప్పుడల్లా బయట బల్ల మీద కూర్చున్న ఆమె భుజాలు ముడుచుకుపోతున్నాయి. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో అట్టగొట్టం పెట్టి, ఛాతీ అడుగున ఉన్న గాలి కూడా బయటికొచ్చేదాకా ఊదిస్తారని, అరిచి వెంటపడకపోతే ఎవరూ పూర్తిగా ఊదరని డాక్టరమ్మ ముందే చెప్పింది. చెప్పినా సరే, అరుపు అరుపే. మగగొంతు పెరగగానే ఆమె కాళ్ళు వాటంతటవే నేలని వెతుక్కుంటాయి, ఎటు పరుగెత్తాలా అని. లోపల ఊదుతున్నది ఆమె కొడుకు, ఇరవై ఆరేళ్ళవాడు, రాళ్ళు కోసే షెడ్డులో పని. ఆమె పక్కన, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, కోడలు కూర్చుంది. ఎడమ చెవి కనపడకుండా జుట్టు ముందుకి లాక్కుంది. ఆ చెవి వెనక వాపు ఇంకా తగ్గలేదు. లోపల వాడి ఊపిరి నిలబడిందా, సోమవారం షెడ్డుకి పోతాడు, సాయంత్రం ఇంటికొస్తాడు, ఆ చెయ్యి మళ్ళీ లేస్తుంది. నిలబడలేదా, వాళ్ళ నాన్న పోయిన దారినే పోతాడు. ఈ రెండింట్లో తనకి ఏది కావాలో ఆ తల్లికి తెలియడం లేదు. తల్లికి తెలియకపోవడం ఏమిటి, సిగ్గు లేదూ అని తనని తాను తిట్టుకుంటోంది, అయినా తెలియడం లేదు.

దగ్గు ముసలాళ్ళ సొత్తు అని ఆమె అనుకునేది. మామగారికి అరవై దాటాక వచ్చింది, వయసు మీద పడింది అన్నారు, అందరూ తలలూపారు, ఎవరి పని వాళ్ళు చూసుకున్నారు. ఈ ఆసుపత్రి మూడో అంతస్తు వరండాలో చూస్తే ఎదురుబల్ల మీద ఆరేడేళ్ళ పిల్ల, మొహానికి పెద్ద ప్లాస్టిక్ తొడుగు, అందులోంచి పొగలాంటి మందు పీలుస్తూ, నేలకందని కాళ్ళు ఊపుతోంది. పక్కన కాలేజీ అమ్మాయి, ఒళ్ళో పుస్తకాలు, చేతిలో నొక్కుకునే పంపు. ఆ పక్కన బేకరీలో పిండి కలిపే మనిషి, నలభై ఉంటాయేమో, ఉత్తినే కూర్చుని ఆయాసపడుతున్నాడు. చివర్న ముసలాయన, ఆక్సిజన్ సిలిండరుని చక్రాల బండి మీద పెట్టుకుని కుక్కని తిప్పినట్టు తిప్పుకుంటున్నాడు. ఇందాక ఆమె వచ్చి కూర్చోగానే ఆయనే పలకరించాడు. "మా రోజుల్లో ఇక్కడ కూర్చోవాలంటే జుట్టు నెరవాలమ్మా. ఇప్పుడు పాలపళ్ళు ఊడనివాళ్ళు కూడా వచ్చేస్తున్నారు, నాకు సీటు దొరకడం లేదు," అని తనే నవ్వి, ఆ నవ్వు దగ్గయి, దగ్గు ఆగక కళ్ళు తుడుచుకున్నాడు. బేకరీ మనిషి కూడా నవ్వబోయి ఊపిరి చాలక మానేశాడు.

ఎదురు గోడ మీద పెద్ద బొమ్మ ఒకటి అంటించారు. పాకే బిడ్డ దగ్గర్నుంచి కర్ర పట్టుకున్న ముసలాడి దాకా మనుషులు వరసగా నిలబడ్డారు, ప్రతివాళ్ళ ఛాతీలోనూ నల్లరంగు, చిన్నవాళ్ళకి చిటికెడు, పెద్దవాళ్ళకి దోసెడు. గీసినవాడెవడో పద్ధతైన మనిషి, మెట్టుమెట్టుగా ఎక్కించుకుంటూ పోయాడు. వాళ్ళింట్లో ఆ మెట్లు తిరగబడ్డాయి. మామగారు ఉలి, సుత్తి పట్టుకుని కొండరాయి కొట్టారు, దగ్గు అరవైలో వచ్చింది. మొగుడు మిషను మీద పలకలు కోశాడు, ముప్ఫై అయిదులో వచ్చింది. వీడి వంతుకి రాయే మారిపోయింది. ఫాక్టరీలో రాతిపొడిని జిగురుతో కలిపి, అచ్చుపోసి, పాలరంగులో పలకలు చేసి పంపుతారు. ఊళ్ళో కొత్తిల్లు కట్టిన ప్రతివాళ్ళకీ వంటగట్టు మీద అదే కావాలి, మచ్చ లేకుండా, గీత లేకుండా, తెల్లగా. వీడు దాన్ని కోస్తే సాయంత్రానికి కనుబొమలు తెల్లబడి తాతలా ఇంటికొచ్చేవాడు, ఆమె చూసి నవ్వేది కూడా. నాలుగేళ్ళు ఆ పొడిలో తిరిగాడు. నిప్పంటుకున్న కొంపలో ఎవరి వయసు ఎంతని ఎవరు అడుగుతారు, అనుకుంది ఆమె, అనుకుని, గోడ మీది పాకే బిడ్డ వైపు చూడకుండా మొహం తిప్పుకుంది.

ఊదు, ఊదు, ఊదు. మళ్ళీ మొదలైంది, రెండోసారి. ఆ గొంతు అచ్చం ఆయన గొంతే. మొగుడు కొట్టేవాడు, ఇందులో దాచడానికేమీ లేదు, వీధంతా వినేది. బెల్టు పట్టుకుంటే బకిల్ ఉన్న వైపుతో బాదేవాడు. ఒకసారి ఆమె తలని గోడకేసి బాదితే సున్నం పెచ్చు ఊడి కిందపడింది, ఆ పెచ్చు ఎందుకూడిందని మళ్ళీ బాదాడు. అన్నం వేడిగా ఉంటే ఒకటి, చల్లారితే రెండు. పుట్టింటికి పోతే అన్నయ్య నాలుగు రోజులుంచుకుని, సర్దుకుపోవాలమ్మా అని తనే తీసుకొచ్చి దింపి, బావగారితో కలిసి కాఫీ తాగి వెళ్ళాడు. అప్పుడు వచ్చింది దగ్గు. కొడుతూ కొడుతూ మధ్యలో ఆగిపోయాడు ఒకరోజు, చెయ్యి పైనే ఉంది, మొహం నల్లబడింది, ఆ చెయ్యి దించి మోకాలి మీద ఆనించుకుని గాలి కోసం నోరు తెరిచాడు. ఆమె నేలమీద పడి ఉండి కిందనుంచి చూసింది. ఏమైందో అర్థం కావడానికి మరో నాలుగైదు దెబ్బలాటలు పట్టాయి. ఆ తర్వాత మేడ మెట్లున్నాయని గుర్తొచ్చింది. ఆయన లేచాడంటే ఆమె పిల్లాణ్ణి చంకనేసుకుని మెట్లెక్కేసేది. మలుపు దాకా వచ్చేవాడు, అక్కడ గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు, కిందికి రా, రా నీ పని చెప్తా అని బెదిరించేవాడు, ఆ బెదిరింపు కూడా సగంలో దగ్గయిపోయేది. పుట్టింటివాళ్ళు చెయ్యని పని ఆ దగ్గు చేసింది. అన్న కంటే నయం. ఆయన దగ్గు వింటూ ఆమె వంట చేసుకునేది, దగ్గు గట్టిగా ఉన్న రోజు కూనిరాగం కూడా తీసేది. ఇది ఎవరికీ చెప్పలేదు, చెప్పుకునే విషయమా. చివరి రోజుల్లో స్నానం చేయిస్తుంటే నీళ్ళు వేడెక్కువయ్యాయని చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి ఆమె భుజం దాకా వచ్చి, అక్కడ ఆగే బలం లేక నీళ్ళలో పడింది. ఆమె ఆ చేతికి సబ్బు రాసి కడిగింది, చాలా శుభ్రంగా కడిగింది. నలభై మూడో ఏట పోయాడు, ఆమె ఏడవాల్సినంతే ఏడ్చింది.

మేడ మెట్ల మీద ఆమె ఒళ్ళో కూర్చున్న ఆ పిల్లాడే ఇప్పుడు లోపల ఊదుతున్నాడు. అప్పుడు ఆమె చెంప మీది వాపుని వేలితో నొక్కి చూసి, నొప్పా అని అడిగి, నేను పెద్దయ్యాక నాన్నని కొడతానమ్మా అన్నాడు. పెద్దయ్యేసరికి నాన్న లేడు. చేతికేమో అలవాటు వచ్చేసింది, ఎవరో ఒకరు కావాలి. పెళ్ళయిన ఏడాదికే కోడలి మీద మొదటి దెబ్బ పడింది. ఆమె వంటింట్లో ఉంది, చప్పుడు విని, ఆ చప్పుడు తనకి బాగా తెలిసినదే గనక, గరిటె చేతిలోనే పట్టుకుని కదలకుండా నిలబడిపోయింది. తన ఒంటి మీద పడితే పారిపోవడం తెలిసిన మనిషి, ఇంకొకరి మీద పడుతుంటే ఏం చెయ్యాలో తెలియక కూర కలుపుతూ ఉండిపోయింది. కూర మాడింది. ఆ మాడిన కూరే ముగ్గురూ తిన్నారు.

ఇక మొన్నటిది. వాడికి షెడ్డులో మాస్కు ఇచ్చారు. తండ్రి పోయాడు కదా అని మేస్త్రి దయతల్చి ఇచ్చింది, రెండు వైపులా గుండ్రటి ఫిల్టర్లుండేది. ఇచ్చింది ఒక్క జత. అవి దుమ్ముతో మూసుకుపోతే షెడ్డులో వాళ్ళంతా చేసే పని ఒకటే, పలకల మీద పొడి ఊదే గాలిపైపు తీసుకుని ఫిల్టరుకి గురిపెట్టి కొట్టడం. బుస్సుమని పొడి లేస్తుంది, ఫిల్టరు తెల్లగా, కొత్తదానిలా అయిపోతుంది, మళ్ళీ తగిలించుకుంటారు. ఆదివారం మాత్రం వాడు వాటిని ఇంటికి తెచ్చేవాడు. ఆమె సబ్బునీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, పిండి, తీగమీద క్లిప్పు పెట్టి ఆరేసేది. వీధిలో మిగతా ఆడవాళ్ళు చూసి వాళ్ళూ నేర్చుకున్నారు. మాస్కుంది కదా అని వీడికి ధైర్యం. నీళ్ళు పెట్టి కోస్తే అంచు మరక పడుతుంది, జిగురు పట్టదు, పని ఆలస్యం అని, నీళ్ళు కట్టేసి పొడిగానే కోసేవాడు. పదిహేను రోజుల కిందట ఇల్లు ఊడుస్తూ కోడలు ఆ ఫిల్టరు ఒకటి కిటికీ వెలుగుకి ఎత్తి చూసింది. ఇది జల్లెడ అయిపోయిందత్తయ్యా, అని చెత్తబుట్టలో పడేసింది. సాయంత్రం వాడు వెతికాడు. పడేశానంది. అప్పుడు కొట్టాడు, ఎడమ చెవి మీద, అరిచెయ్యి చాపి, ఒకటి కాదు. చెవిలోంచి నెత్తురు మెడమీదికి కారింది. నీ మొగుడు చావాలనా పడేశావు, అది పారేస్తే నేనేం పెట్టుకుని చావాలి, అంటూ కొట్టాడు. తల్లి ఏం చేసింది. చెత్తబుట్టలోంచి ఆ ఫిల్టరు తీసింది, కడిగింది, ఇదిగోరా బాగానే ఉంది, ఊరుకో, అని వాడి చేతిలో పెట్టింది. వాడు ఊరుకున్నాడు. ఇల్లు చల్లబడింది.

ఈ ఉదయం డాక్టరమ్మ అడిగింది, ఫిల్టరు ఎన్నాళ్ళకోసారి మారుస్తావని. వాడు కాస్త గర్వంగానే చెప్పాడు. "మార్చక్కర్లేదండీ, మా అమ్మ ఉతుకుతుంది." డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది. కోపంగా చూసినా బాగుండేది, కోపం లేదు ఆ చూపులో. "అది ఉతికేది కాదమ్మా. నీళ్ళు తగిలినా, గాలిపైపుతో కొట్టినా కంటికి కనపడని చిల్లులు పడతాయి. సన్నటి పొడంతా నేరుగా లోపలికే పోతుంది," అంది. కోడలు నేలవైపు చూసింది. వాడు తల్లి వైపు చూశాడు, ఇంకా అర్థం కానట్టే చూశాడు. అప్పటినుంచీ ఆమె చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. ఈ చేతులే. ఇవి ఏమనుకుని ఉతికాయి, తెలియకే ఉతికాయి, ఎవరు అడిగినా తెలియకే అంటుంది, అదే నిజం. నిజమే, కానీ కోడలి మీద మొదటి దెబ్బ పడ్డ రాత్రి, వాళ్ళ నాన్నకి వచ్చినట్టు వీడికీ వచ్చి పడితే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది కదా. నోటితో అనలేదు, లోపల అనుకుంది. ఆ మరుసటి ఆదివారం బ్రష్షు ఇంకాస్త గట్టిగా పట్టుకుని రుద్దలేదు కదా. లేదు. రుద్దిందేమో. ఆ ఆలోచన రాగానే ముందుకి వంగింది. కోడలు, నీళ్ళు కావాలా అత్తయ్యా, అని అడిగింది, అక్కర్లేదంది.

ఊదు. గట్టిగా. ఏంటిది, ఇంతేనా, మగాడివి కాదూ, ఊదు. మూడోసారి. ఆమెకి లేచి తలుపు తన్ని లోపలికి పోవాలనిపించింది. ఆ అరిచేవాడి గొంతు పట్టుకుని వాడి నోట్లోనే ఆ అట్టగొట్టం కుక్కాలి. ఆ మిషను ఎత్తి నేలకేసి కొట్టాలి. ఆపైన షెడ్డుకి పోవాలి, మేస్త్రిని కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చి, తెల్లటి పలక మీద వాడి మొహం ఆనించి, నీళ్ళు కట్టేసి, కట్టర్ నడపాలి. తెల్లటి వంటగట్లన్నీ సుత్తితో పగలగొట్టాలి, ఇల్లిల్లూ తిరిగి, గిన్నెలు, పళ్ళేలు గాలిలో లేచేలా. తన మొగుణ్ణి తవ్వి తీసి ఆ ఎముకల్ని ఒక్కొక్కటీ విరవాలి. ఇంత చేసి ఇంటికొచ్చి, కొడుకు కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఎంత లావుంటుందో చూసుకుని, ఆ చెయ్యి, ఆమె అక్కడ ఆగింది. ఆ చేతికి ఆమె పాలపీక పట్టించింది, బలపం పట్టించింది. దాన్ని నరకాలని ఉంది, దాన్ని నోట్లో పెట్టుకుని ముద్దాడాలనీ ఉంది. లోపల వాడు ఊదుతున్న చప్పుడు సన్నగా, పొడుగ్గా వచ్చి, తెగి, దగ్గులో పడింది. ఆ దగ్గుని ఆమె గుర్తుపట్టింది. ఎన్నో ఏళ్ళు దాన్ని వింటూ హాయిగా వంట చేసుకున్న మనిషి, ఇప్పుడు అదే వినపడితే బల్ల అంచు పట్టుకుంది. ఊదు నాన్నా, అంది లోపల, ఊదు, కొట్టుకో నాన్నా ఎవర్నైనా కొట్టుకో, ఊపిరి మాత్రం వదలకు. అని, పక్కనున్న పిల్ల చెవి గుర్తొచ్చి, పళ్ళు బిగపట్టింది.

తలుపు తెరుచుకుంది. పరీక్ష చేసిన మనిషి నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. తలుపు వెనక అంత గోల చేసినవాడు దగ్గరగా చూస్తే సన్నగా, అలిసిపోయి ఉన్నాడు.

"అయిందమ్మా. కాసేపు కూర్చుని వస్తాడు, ఆయాసం తగ్గాలి. డాక్టరుగారు వివరంగా చెప్తారు."

"మీరు చెప్పండి బాబూ. ఎలా ఉంది?"

అతను అటూ ఇటూ చూశాడు. "మిషను ఊపిరికి కూడా ఒక వయసు చూపిస్తుందమ్మా, ఇంత గాలి ఊదేవాడి వయసు ఇంత ఉండొచ్చు అని. మీ అబ్బాయికి అరవై నాలుగు చూపిస్తోంది."

ఆమెకి నలభై ఎనిమిది. కడుపున పుట్టినవాడి ఊపిరి ఆమెని దాటి ముసలిదైపోయింది. ఎదురుబల్ల మీది ముసలాయన విని, నా ఈడువాడేనన్న మాట, అని నోటిదాకా వచ్చిన సరదా మాటని మింగేసి సిలిండరు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు. ఏడుస్తుందేమో పట్టుకోవాలని కోడలి వైపు తిరిగింది. కోడలు ఏడవడం లేదు. వచ్చినప్పటినుంచీ బిగదీసుకుని ఉన్న ఆ పిల్ల భుజాలు మెల్లగా కిందికి జారాయి, చెవి మీది జుట్టు తనకి తెలియకుండానే వెనక్కి తోసుకుంది, నోరు కొంచెం తెరుచుకుని పెద్ద ఊపిరి ఒకటి వదిలింది. ఆ ఊపిరి ఎక్కడినుంచి వస్తుందో ఆమెకి తెలుసు. మేడ మెట్ల పైన నిలబడి తను వదిలింది అదే. చేతికి అందే దూరంలో తన కొడుకు చావు వార్త విని హాయిగా ఊపిరి వదిలిన ఆడది కూర్చుంది, తల్లి చెయ్యి లేచింది, లేచి గాలిలోనే ఉంది. ఆ పిల్ల అది చూడలేదు. నేలవైపే చూస్తూ, పప్పు ఉడకడానికి ఎంతసేపు పడుతుందని అడిగినంత మామూలుగా అడిగింది.

"అత్తయ్యా, దగ్గు మొదలయ్యాక మామయ్య చెయ్యి ఆగడానికి ఎన్నాళ్ళు పట్టింది?"

లేచిన చెయ్యి ఆమె దించుకుంది.

"ఆరేళ్ళు," అంది. తర్వాత, "ఆ ఆరేళ్ళలోనే నా పక్కటెముక విరిగింది. నాలుగో నెల కడుపు పోయింది. నువ్వు ఆగకు."

"ఎక్కడికి పోను?"

"మీ అక్క ఉంది కదా. పో. ఇప్పుడే పో, ఇంటికి రాకు."

"వెనకాలే వస్తాడు."

"రాడు. నేను చూసుకుంటాను."

ఆ పిల్ల లేవడానికి సందేహించింది, చెప్పుల్లో కాళ్ళు పెట్టి మళ్ళీ తీసింది. అంతలో వాడు బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదాలు రంగు మారాయి, ముక్కు మీద క్లిప్పు నొక్కిన గుర్తు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఏంటి గుసగుసలు," అన్నాడు. "ఏం చెప్పావే డాక్టరమ్మకి, అప్పుడే నన్ను చంపేశారా ఇద్దరూ కలిసి," అంటూ ఒక్క అంగలో వచ్చి పెళ్ళాం జుట్టు పట్టుకున్నాడు, వెనక్కి లాగాడు, ఆ పిల్ల తల బల్లకి తగిలింది. ఎదురుబల్ల మీది చిన్నపిల్ల కాళ్ళు ఊపడం ఆపేసింది. బేకరీ మనిషి లేవబోయి లేవలేకపోయాడు. రెండో చెయ్యి లేచింది, అరిచెయ్యి చాపి, ఎడమ చెవి మీదికి.

ఆమె ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. వెనకనుంచి వాడి ఛాతీ చుట్టూ రెండు చేతులూ వేసి వేళ్ళు వేళ్ళలో మెలిపెట్టి బిగించింది. వాడు మోచేత్తో వెనక్కి పొడిచాడు, ఆమె పెదవి చిట్లింది, నోరంతా ఉప్పగా అయింది. ఇంకోటి పొడిచాడు, పాత పక్కటెముక మీద. వదల్లేదు. వాడి చేతిలోంచి జుట్టు జారింది. "పో," అంది ఆమె కోడలితో. "పోవే." ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని మెట్ల వైపు పరుగెత్తింది. వాడు వెంటపడబోయాడు, తల్లిని ఈడ్చుకుంటూ రెండడుగులు వేశాడు, అప్పుడు దగ్గు అందుకుంది. ఈసారి అది రావడం ఆమెకి ఇష్టం లేదు. వద్దు నాన్నా, దగ్గకు, మెల్లగా పీల్చు, నేను పట్టుకున్నా కదా, అని వాడి వీపుకి చెంప ఆనించి చెప్తోంది, చెప్తూ బిగిస్తోంది. వాడి ఎముకల కింద గరగరమంటోంది. వాడి మోకాళ్ళు వంగాయి, ఇద్దరూ కలిసి నేలమీద కూలబడ్డారు.

"అమ్మా," అన్నాడు వాడు, చిన్నపిల్లాడి గొంతుతో. "అమ్మా వదులు. ఊపిరి ఆడట్లేదు."

అబద్ధం కాదని ఆమె చెంపకి తెలుస్తూనే ఉంది. మూడంతస్తుల కింద వీధి తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు వినపడేదాకా ఆమె చేతులు విప్పలేదు.